తలో కంపెనీ స్మార్ట్ పరికరాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఇళ్లకు స్మార్ట్ స్విచ్‌లు, సెన్సర్లు అమర్చడం నా వృత్తి. నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాట వినిపిస్తుంది: "మా ఇంట్లో తలో కంపెనీ సరుకు ఉందండీ, అందుకే ఏదీ సరిగా పనిచేయడం లేదట. అన్నీ మార్చేయాలంటున్నారు." ఎవరంటున్నారో గానీ, ఆ ఒక్క మాట జనం చేత అనవసరంగా వేలకు వేలు ఖర్చు పెట్టిస్తోంది.

అపోహ: అన్నీ ఒకే కంపెనీవి కొంటేనే ఇల్లంతా కలిసి పనిచేస్తుంది.

వాస్తవం: నేను చూసిన ఇళ్లలో తప్పు సాధారణంగా కంపెనీలది కాదు, వైఫైది. ఎం.వి.పి. కాలనీలో ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట్లో బల్బులు, ప్లగ్గులు, ఏసీ రిమోట్ పెట్టె అన్నీ ఒకేసారి మూగబోయాయి. కొత్త సెట్టు కొనమని దుకాణంలో చెప్పారట. "అన్నీ ఒకేసారి పాడవుతాయా బాబూ?" అని ఆయన భార్య దిగులుగా అడిగారు. సరైన ప్రశ్న ఆవిడదే. వారం క్రితం బ్రాడ్‌బ్యాండ్ మార్చారు. కొత్త రౌటర్‌కు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. పరికరాలు మాత్రం పాత పేరు కోసమే వెతుకుతున్నాయి. రౌటర్‌లో ఉండే రెండు వైఫై బ్యాండుల్లో (తరంగాల శ్రేణుల్లో) 2.4 గిగాహెర్ట్జ్ దానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా పెట్టి, వైఫై భద్రత రకాన్ని ఇలాంటి పరికరాలకు అర్థమయ్యే డబ్ల్యూపీఏ2కు మార్చాను. ముందు హాల్ బల్బు, తర్వాత ప్లగ్గు, చివరికి ఏసీ పెట్టె, ఒక్కొక్కటిగా యాప్‌లోకి తిరిగివచ్చాయి. పైసా ఖర్చు లేదు.

చాలా స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. రౌటర్‌ను టీవీ అల్మారాలో, సెట్‌టాప్ బాక్సు వెనకాల కుక్కితే చివరి గదికి సిగ్నల్ చేరదు. దాన్ని బయటికి, ఎత్తుగా, ఇంటి మధ్యకు తెచ్చి చూడండి. కొనడం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఇక తలో కంపెనీవి కలపడం అంటారా, దారులున్నాయి. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ నాలుగూ స్వీకరించాయి. జిగ్‌బీ అనే మరో వైర్‌లెస్ పద్ధతిలో నడిచే పాత పరికరాలను హబ్ (వాటిని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె) ద్వారా కలపవచ్చు. కాస్త ఓపిక ఉంటే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అన్నింటినీ ఒకచోటికి తెస్తుంది. జిగ్‌బీ సెన్సర్ మాటిమాటికీ తెగిపోతుంటే మధ్యలో ఒక జిగ్‌బీ ప్లగ్గు పెట్టండి. కరెంటుతో నడిచేవి సిగ్నల్‌ను ముందుకు అందిస్తాయి, బ్యాటరీవి అందించవు. హబ్ బదులు కంప్యూటర్‌కు జిగ్‌బీ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న పరికరం) పెట్టినవారు దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకు ఆనించి ఉంచకండి. ఆ పోర్టు నుంచి వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. చిన్న పొడిగింపు కేబుల్ వేస్తే సరిపోతుంది.

అపోహ: ఇంటర్నెట్ పోతే ఇల్లు స్తంభించిపోతుంది.

వాస్తవం: క్లౌడ్ (ఇంటర్నెట్‌లో ఉండే కంపెనీ కంప్యూటర్లు) మీదే ఆధారపడినవి ఆగుతాయి. ఇంట్లోనే ఆదేశాలు నడిచేలా పెట్టుకుంటే ఆగవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేని ఊరు మనది. అందుకే గోడ స్విచ్‌తో పనిచేయని దీపాన్ని నేను ఏ ఇంట్లోనూ పెట్టను. రౌటర్‌ను, హబ్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపమని అందరికీ చెబుతాను.

అపోహ: ఇవి కరెంటు తాగేస్తాయి.

వాస్తవం: ఊరికే ఉన్నప్పుడు ఒక వాట్ తీసుకునే పరికరం నెలంతా వాడేది ఒక యూనిట్‌కన్నా తక్కువ. గీజరు సంగతి వేరు. 3 కిలోవాట్ల గీజరుకు దాదాపు 13 ఆంపియర్లు కావాలి. దాన్ని 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకు తగిలించకండి.

అపోహ: స్మార్ట్ స్విచ్‌కు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లేకపోతే ఎర్త్ వైరుతో సర్దుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ప్లగ్ పాయింటు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. ఉత్త స్విచ్‌లే ఉన్న పాత బోర్డులో చాలాసార్లు ఉండదు. అప్పుడు న్యూట్రల్ లాగించాలి, లేదా న్యూట్రల్ అక్కర్లేని స్విచ్ తీసుకోవాలి. ఎర్త్‌కు కలిపితే, ఎక్కడైనా ఆ వైరు తెగిన రోజున ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పైతొడుగులకే షాక్ రావచ్చు. మీ ఇంట్లో అలా కలిపి ఉంటే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈరోజే తీయించండి.