నడుము వెనక చిన్న దిండు

పిల్లలూ,

మీ నాన్న కారు నడిపేటప్పుడు నడుము వెనక పెట్టుకునే గుండ్రటి దిండు సంగతి అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగంలో ఆటకి పరిగెడతారు, అందుకే రాస్తున్నాను.

దాని పేరు లంబార్ రోల్. దాన్ని నలుగురికీ అలవాటు చేసినవాడు న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ. 1956లో వెల్లింగ్టన్‌లోని ఆయన క్లినిక్‌కి స్మిత్ అనే ఆయన వచ్చాడు. నడుము నొప్పి కుడి కాల్లోకి దిగింది, నిటారుగా నిలబడలేకపోతున్నాడు. లోపలికి వెళ్లి బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు మెకెంజీ. అంతకుముందు వచ్చిన పేషెంటు కోసం బల్ల ఒక చివర ఎత్తి ఉంచారు, మళ్లీ దించలేదు. పాపం స్మిత్ గారు అలాగే, నడుము వెనక్కి వంగిపోయి పడుకున్నారు. కాసేపటికి మెకెంజీ వచ్చి చూసి హడలిపోయాడు. ఆ రోజుల్లో అలా వెనక్కి వంగితే నొప్పి ముదురుతుందనే భయం ఉండేది మరి. తీరా అడిగితే, మూడు వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడాయన. కాల్లో నొప్పి పోయి, నడుము మధ్యకి చేరింది.

ఇంకొకరైతే గబగబా బల్ల దించేసి ఊరుకునేవారు. మెకెంజీ మర్నాడు కూడా అలాగే పడుకోబెట్టాడు. తర్వాత మిగతా పేషెంట్లనీ గమనించాడు: ఏ వైపు వంగితే నొప్పి కాల్లోంచి వెన్ను వైపు వెనక్కి వస్తోంది, ఏ వైపు వంగితే ఇంకా కిందికి దిగుతోంది? నొప్పి అలా వెన్ను దగ్గరికి చేరడాన్ని సెంట్రలైజేషన్ అన్నారు. ఏ పరికరమూ అక్కర్లేని కొలత అది! నా దృష్టిలో దిండు కంటే ఇదే పెద్ద సంగతి. అయితే అందరి నడుముకీ వెనక్కి వంగడం పడదు. చూసి చెప్పాల్సింది ఫిజియోథెరపిస్టే, మీరు తాతయ్య మీద ప్రయోగాలు చేయకండి.

ఇక దిండు. నడుము దగ్గర వెన్నుకి సహజంగా లోపలికి వంపు ఉంటుంది. జారగిలపడి కూర్చుంటే ఆ వంపు పోయి, వెనకవైపు లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు, గంటల తరబడి సాగి ఉంటాయి. బెల్టు ఎత్తులో దిండు పెడితే వంపు నిలుస్తుంది. కొనక్కర్లేదు, తువ్వాలు చుట్టి పెట్టినా చాలు.

నొప్పి చెబితే వినొచ్చు. చెప్పనప్పుడో? మీ వయసులో వచ్చే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకి వంగి మెలితిరగడం, చాలామందికి మొదట్లో నొప్పే తెలియనివ్వదు. అందుకే దానికి పరికరం కావాలి. అమెరికా ఎముకల డాక్టరు విలియం బన్నెల్ 1984లో స్కోలియోమీటర్‌తో పరీక్షించే పద్ధతిని వివరించాడు. తాపీమేస్త్రీ మట్టం చూసే రసమట్టం లాంటిదే ఇది, కాకపోతే గొట్టం వంపుగా ఉండి లోపల చిన్న గోళీ దొర్లుతుంది. పిల్లలు రెండు అరచేతులూ కలిపి ముందుకి వంగితే వీపు మీద అడ్డంగా పెడతారు. 7 డిగ్రీలు దాటితే సాధారణంగా ఎక్స్-రే తీయిస్తారు.

వంపు పెరిగేలా ఉంటే బ్రేస్, అంటే ఒంటి చుట్టూ బిగించే గట్టి తొడుగు, వేస్తారు. అది పనిచేస్తుందా అని అమెరికా, కెనడాల్లో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు ఆపరేషన్ దాకా వెళ్లలేదు, వేసుకోనివాళ్లలో అలా వెళ్లనిది 48 శాతం మందికే. రోజూ ఎన్ని గంటలు వేసుకున్నారో తెలుసుకోవడానికి బ్రేస్ లోపలే వేడిని పసిగట్టే సెన్సర్ పెట్టారు. ఒంటి వేడి తగిలితే వేసుకున్నట్టు, లేకపోతే మంచం కింద దాచినట్టు! ఎక్కువ గంటలు వేసుకున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

ఎముకలు పెరిగే వయసులోనే బ్రేస్ ఉపయోగం. ఈసారి అమ్మ ముందు ఒకసారి వంగండి. వీపు ఒక వైపు ఎత్తుగా కనిపిస్తే డాక్టరుకి చూపించమనండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య