గడ్డి కూరిన దూడ

చిరంజీవులకు దీవెనలు.

జావాలో బిల్లు లెక్కకట్టే సర్వీసుకు యూనిట్ టెస్టు (ఒక్క భాగాన్నే విడిగా పరీక్షించే కోడు) రాస్తూ, డేటాబేసు నుంచి ధరలు తెచ్చే రిపోజిటరీకి మారుగా మాకిటో అనే లైబ్రరీతో మాక్ (నకిలీ ఆబ్జెక్టు) పెట్టినా నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ (నల్‌ను, అంటే ఏమీ లేనిదాన్ని, వాడబోతే వచ్చే తప్పు) ఎందుకు వస్తోందని అడిగారు. మీరు పంపిన కోడు చూశాను.

నా చిన్నతనంలో మా గేదె ఈనిన కొద్ది రోజులకే దూడ చచ్చిపోయింది. దూడ ఎదుట లేనిదే గేదె చేపదు. అందుకని మా నాయనమ్మ ఆ దూడ తోలు ఆరబెట్టించి, లోపల వరిగడ్డి కూరించి, పాలు పితికే వేళకు గేదె ముందు నిలబెట్టించేది. గేదె దాని నుదురు నాకుతూ చేపేది. నేను గాదె చాటున నిలబడి ఏడ్చేవాడిని, అది వేరే సంగతి.

మాక్ అన్నది ఆ గడ్డిదూడే. మనం పరీక్షించేది గేదెను, అంటే సర్వీసును. ధర అడిగితే 60 అని చెప్పమని వెన్, దెన్‌రిటర్న్‌లతో మాక్‌కు నేర్పితే, మూడు లీటర్లకు సర్వీసు 180 అని లెక్క కట్టిందో లేదో డేటాబేసు లేకుండానే తేలిపోతుంది. నేర్పనిది మాత్రం దానికి తెలియదు. సంఖ్య అడిగితే 0, జాబితా అడిగితే ఖాళీ జాబితా, మీ సొంత క్లాసు ఆబ్జెక్టు అడిగితే నల్ ఇచ్చి ఊరుకుంటుంది. పితకడం అయ్యాక నాయనమ్మ దూడ నుదుటి మీద తడి ఉందో లేదో తడిమి చూసేది. సర్వీసు మాక్‌ను నిజంగా పిలిచిందో లేదో చూసే మాకిటో వెరిఫై చేసే పని కూడా అదే.

మీరు దూడను చక్కగా తయారు చేశారు గాని కొట్టంలోకి తీసుకురాలేదు. సర్వీసులోని రిపోజిటరీ ఫీల్డు మీద ఆటోవైర్డ్ (దీన్ని స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కే నింపాలనే గుర్తు) అని రాసి, టెస్టులో న్యూ బిల్‌సర్వీస్ అని మీరే సృష్టించారు; అక్కడ స్ప్రింగ్ లేదు కనుక రిపోజిటరీని అందించే వారెవరూ లేక ఆ ఫీల్డు నల్‌గానే మిగిలింది. రిపోజిటరీని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును సృష్టించేటప్పుడు నడిచే కోడు) ద్వారా తీసుకునేలా సర్వీసును మార్చి, టెస్టులో మాక్‌ను మీ చేత్తోనే అందించండి. మాక్‌లను తానే సర్వీసులో పెట్టే మాకిటో గుర్తు ఇంజెక్ట్‌మాక్స్ ఉంది కదా అంటారేమో, తగిన చోటు దొరకకపోతే అది ఏ ఫిర్యాదూ చేయకుండా వదిలేస్తుంది; నాకది నచ్చదు.

రిపోజిటరీలోని క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న) తప్పయితే గడ్డిదూడ పట్టుకోలేదు. దానికి నిజమైన డేటాబేసుతో వేరే టెస్టు రాయవలసిందే.

ముందు కన్‌స్ట్రక్టర్ సరిచేసి, టెస్టు పచ్చగా వచ్చాక, అంటే నెగ్గాక, ఆ వెన్ వరుసను ఒక్కసారి తీసేసి నడపండి. 180కి బదులు ఏమి వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య