మూడో మందు, తొమ్మిదో రోజు

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆందోళన, దిగులు రెండూ కలిసి పట్టుకుని ఏడాది దాటిందట. మొదటి మందు పది రోజులు వాడి మానేశారు. రెండోది నెలన్నర వాడినా గుణం కనిపించలేదు. ఇప్పుడు డాక్టరుగారు మూడోది రాశారు. "మాస్టారూ, షుగరుకి రక్తపరీక్ష ఉంది, థైరాయిడ్‌కి ఉంది. నా జబ్బుకి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడడమేనా? డాక్టరుగారు చీకట్లో రాయి విసురుతున్నారా? మూడోది మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది, ఏమీ తేడా లేదు, మానేయమంటారా?" అని అడిగారు.

ముందు చివరి ప్రశ్నకి జవాబు. మీ అంతట మీరు మానొద్దు. ఏ మార్పు చేయాలన్నా రాసిన డాక్టరుగారిని అడిగాకే. ఇక తొమ్మిదో రోజున తేడా తెలియకపోవడం గురించి నేను చెప్పాల్సింది చాలా ఉంది. మెదడు గురించి చదివినవాటిలో నన్ను ఇంతగా కట్టిపడేసిన సంగతి మరొకటి లేదు.

మీకు రాసినది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే కుటుంబానికి చెందిన మందు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్ అన్నీ ఆ ఇంటివే. నాడీకణం, కణానికీ కణానికీ మధ్య కబురు మోసే రసాయనమైన సెరటోనిన్‌ని బయటికి వదులుతుంది, పనయ్యాక చాలావరకు తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఈ మందులు ఆ పీల్చుకునే దారిని మూస్తాయి. మూయడానికి కొన్ని గంటలు చాలు. మనసు తేలికపడడానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆందోళన జబ్బుల్లో ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గంటల్లో పని మొదలుపెట్టిన మందు వారాల తర్వాత గుణం చూపించడమేమిటి?

మేడ మీద నీళ్ల ట్యాంకు ఒకటి ఊహించుకోండి. కింద గదిలో మోటారు ఉంది. అది నీళ్లు పైకి తోడుతుంది, ఒక తిరుగు పైపు వాడని నీళ్లని మళ్లీ కిందికి తెస్తుంది. మోటారు పక్కనే చిన్న తొట్టి, అందులో తేలే బంతి. తొట్టిలో నీరు పెరిగితే బంతి పైకి లేచి మోటారు వేగం తగ్గిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే: బంతి ఉన్నది పైన ట్యాంకులో కాదు, కింద మోటారు పక్కన.

ఇప్పుడు మాత్ర వేసుకున్నారు. తిరుగు పైపులు అన్నిచోట్లా ఒకేసారి మూసుకున్నాయి, కింద తొట్టి దగ్గర కూడా. తొట్టి గబగబా నిండింది. బంతి లేచింది. మోటారు నెమ్మదించింది. పైన ట్యాంకులోంచి నీళ్లు వెనక్కి పోవడం లేదు, నిజమే. కానీ కింది నుంచి వచ్చేదీ తగ్గిపోయింది. కాబట్టి ట్యాంకు మట్టం అనుకున్నంత పెరగదు. మీ తొమ్మిదో రోజు కథ చాలామటుకు ఇదే.

రోజులు గడుస్తాయి. బంతి రాత్రింబవళ్లు నీళ్లలోనే నానుతుంది. మెల్లగా దాని లోపలికి నీరు దిగి బరువెక్కుతుంది, ఇక తేలలేదు. అడ్డుపెట్టేది లేక మోటారు మళ్లీ పూర్తి వేగం అందుకుంటుంది, తిరుగు పైపు ఇంకా మూసే ఉంది. పైన ట్యాంకు నిండడం అప్పుడు మొదలవుతుంది.

బంతి అసలు పేరు 5-హెచ్‌టీ1ఏ స్వీయగ్రాహకం, అంటే కణం తాను వదిలిన సెరటోనిన్ ఎంతుందో తానే పసిగట్టే చోటు. మోటారు గది మెదడు కాండంలోని రాఫే కేంద్రకాలు. సెరటోనిన్ తయారుచేసే కణాలు మెదడు మొత్తంలో కొన్ని లక్షలే, వాటి కణదేహాలు దాదాపు అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. మొత్తం నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. ఇంత చిన్న గుంపు తన పోగులను మెదడంతా పరచి ఉంచింది. మాత్ర వేసిన తొలిరోజుల్లో కణదేహాల చుట్టూ సెరటోనిన్ పెరుగుతుంది, స్వీయగ్రాహకాలు దాన్ని పసిగట్టి కణం విద్యుత్ స్పందనలను తగ్గిస్తాయి. రెండు మూడు వారాలపాటు అలా ప్రేరేపించగా ప్రేరేపించగా ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి. జంతువుల మెదళ్లలో ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా కొలిచి చూశారు.

ఇది విన్న ఎవరికైనా వచ్చే ఆలోచన: ఆ బంతిని మొదటిరోజే తాడుతో కట్టేస్తే? శాస్త్రజ్ఞులకీ వచ్చింది. పిండొలాల్ అనే పాత రక్తపోటు మందు ఈ గ్రాహకానికి అడ్డుపడుతుంది. 1994 నుంచి దాన్ని ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిపి ఇచ్చి చూశారు. అన్ని పరీక్షల్లో కాకపోయినా, మొత్తం మీద మొదటి రెండు వారాల్లో మెరుగు కొంచెం త్వరగా వచ్చింది. ఆ తర్వాత పెద్దగా తేడా మిగల్లేదు. అంటే బంతి కథ నిజమే, కానీ మొత్తం కథ అది కాదు. ఒక ఊహని ఇలా నేరుగా పరీక్షకి పెట్టి, వచ్చిన సగం జవాబుని సగం జవాబుగానే ఒప్పుకోవడం నాకు ఎంతో ఇష్టం. తరగతిలో పిల్లలకి సైన్సంటే ఏమిటో చెప్పాల్సివస్తే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

"మందు పనిచేయడం లేదు, డోసు పెంచుకుంటే?" అని మొదటి వారంలోనే అనిపిస్తుంది. మెదడు స్కానుల్లో తేలిందేమంటే, ఈ మందుల మామూలు మోతాదులోనే తిరుగు పైపులు సుమారు 80 శాతం మూసుకుపోతాయి. మోతాదు రెట్టింపు చేస్తే ఇంకో నాలుగైదు శాతం పెరుగుతుందేమో, అంతే. బంతి నానడానికి పట్టే కాలం తగ్గదు. ఇదే లెక్క తిరగేస్తే మానేటప్పుడు ఎందుకు జాగ్రత్త కావాలో తెలుస్తుంది. మాత్రని సగం చేసినా మూత పెద్దగా కదలదు. చివర మిగిలిన చిన్న ముక్కని మానేసినప్పుడే పైపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అందుకే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండడం, చిరాకు, నిద్ర చెదరడం చాలామందిలో చివరి మెట్టు దగ్గర వస్తాయి. పారాక్సెటిన్ రక్తంలో ఒక రోజు గడిచేసరికి సగానికి పడిపోతుంది, దాంతో ఈ బాధ ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్, శరీరంలో అది మారి ఏర్పడే పదార్థం కలిసి వారాల తరబడి ఉంటాయి, దాంతో బాధ తక్కువ. కానీ ఆ వారాల్లో కొన్ని వేరే మందులు మొదలుపెట్టకూడదు. ఎంఏఓ నిరోధకాలనే పాత తరం డిప్రెషన్ మందులకైతే ఐదు వారాలు ఆగాలి. మందు మార్చేటప్పుడు డాక్టర్లు వేసే లెక్కల్లో ఇదొకటి.

మీరు మొదటి మందు పది రోజులకే ఎందుకు మానేశారో రాయలేదు. వికారం వల్లనో, ఆందోళన ఇంకా పెరగడం వల్లనో అనుకుంటున్నాను. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా ఉన్నది పేగుల్లో. అక్కడ మందు ప్రభావం వారాల దాకా ఆగదు, మొదటి రోజుల్లోనే కడుపులో తిప్పడం మొదలవుతుంది. వడ్డీ ముందే పట్టుకుని అప్పు తర్వాత ఇచ్చినట్టు, బాధ ముందు, గుణం తర్వాత. చాలామందిలో వికారం ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆందోళన ఉన్నవారికి సగం మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచేది అందుకే. ఒక్క విషయం మాత్రం ఓర్చుకోకూడదు: మందు మొదలుపెట్టిన రోజుల్లో, మోతాదు మారిన రోజుల్లో చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా, ముదిరినా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. 25 ఏళ్ల లోపువారి విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల సమాచార పత్రం మీద చుట్టూ గళ్ల గీత గీసి మరీ హెచ్చరిక రాయించింది.

ట్యాంకు పోలిక ఇక్కడితో ఆపాలి. ఎందుకంటే ట్యాంకులో నీటి మట్టమే మనసు అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. "సెరటోనిన్ తగ్గితే దిగులు వస్తుంది" అని నేనూ తరగతిలో చెప్పాను. దిగులు ఉన్నవారిలో సెరటోనిన్ తక్కువని గట్టి ఆధారం ఎప్పుడూ దొరకలేదు. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఇదే చెప్పింది. మందు పనిచేయడం వేరు, జబ్బుకి మూలం అదే కావడం వేరు. ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ బృందం చేసిన ప్రయోగాలు ఇంకో దారి చూపిస్తున్నాయి. ఒక్క మోతాదుకే, మనిషికి ఉత్సాహంలో ఏ మార్పూ తెలియకముందే, ఎదుటి ముఖాల్లో భయాన్ని, సంతోషాన్ని గుర్తుపట్టే తీరు కొద్దిగా మారుతుంది. చూపు ముందు మారి, ఆ చూపుతో కొన్ని వారాలు బతికాక మనసు మారుతుందని వారి ఊహ. మాటల చికిత్స, ముఖ్యంగా ఆలోచించే తీరునీ నడుచుకునే తీరునీ మార్చే సీబీటీ, మందుకి ఎందుకు తోడవుతుందో దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఇక రక్తపరీక్ష సంగతి. దిగులుని తేల్చే రక్తపరీక్ష లేదు. కానీ దిగులులా కనిపించే వేరే జబ్బులని తీసేయడానికి పరీక్షలు ఉన్నాయి: థైరాయిడ్ ఎక్కువైతే గుండెదడ, వణుకు, అచ్చం ఆందోళనలా ఉంటుంది, తక్కువైతే మందకొడితనం, దిగులు. రక్తహీనత, బి12 లోపం కూడా చూస్తారు. జన్యుపరీక్షల గురించి ఈమధ్య బాగా వింటున్నాం. సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 అనే కాలేయ ఎంజైములు ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో మందుని కరిగిస్తాయి, ఆ వేగాన్ని ఆ పరీక్ష చెబుతుంది. ఎస్సిటలోప్రామ్ మోతాదు ఎంత ఉండాలో చెప్పడానికి పనికొస్తుంది. ఏ మందుకి మీ మనసు తేరుకుంటుందో అది చెప్పదు.

రోగనిర్ధారణలో అసలు కొలబద్ద క్యాలెండరు. డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు వారాలు. సాధారణ ఆందోళన జబ్బు అనాలంటే ఆరు నెలలు. మేనియాకి, అంటే హద్దు మీరిన హుషారుకి, ఏడు రోజులు, దాని తక్కువ స్థాయి రూపమైన హైపోమేనియాకి నాలుగు. ఈ చివరి రెండూ ఎందుకంత ముఖ్యమంటే, దిగులు ఒకసారి, ఈ హుషారు ఒకసారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారిలో చాలామంది మొదట డాక్టరు దగ్గరికి వచ్చేది దిగులుతోనే. హుషారుగా ఉన్న రోజుల్లో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లరు. వారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే గుణం రాకపోవచ్చు, కొందరిలో అది మేనియాలోకి నెట్టవచ్చు. అందుకే మంచి డాక్టరు మిమ్మల్నే కాదు, ఇంట్లోవాళ్లనీ అడుగుతారు. అడిగే ప్రశ్నల్లో నాకు గొప్పగా అనిపించేది నిద్ర గురించిన ప్రశ్న. నిద్ర రాకపోవడం ఒకటి, నిద్ర అక్కర్లేకపోవడం ఇంకొకటి. ఆందోళనలో మూడు గంటలే నిద్రపట్టిన మనిషి తెల్లారేసరికి నలిగిపోయి ఉంటారు. హైపోమేనియాలో అదే మూడు గంటలు నిద్రపోయి లేచి నాలుగు కొత్త పనులు తలకెత్తుకుంటారు. గంటలు అవే, జబ్బు వేరు. బైపోలార్ అని తేలితే దారే మారిపోతుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియా మీద పనిచేస్తుందని చూపించిన లిథియం ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి రక్తపరీక్ష తప్పనిసరి, కానీ అది కొలిచేది రక్తంలో మందుని, జబ్బుని కాదు.

2006లో ఫలితాలు వచ్చిన స్టార్-డి అనే అమెరికా అధ్యయనంలో సుమారు 4,000 మందికి మొదట ఒకే మందు, సిటలోప్రామ్, ఇచ్చారు. పూర్తిగా తేరుకున్నది సుమారు మూడో వంతు. రెండో మెట్టులోనూ కొందరు తేరుకున్నారు, మూడు నాలుగు మెట్లలో ఆ వంతు బాగా తగ్గింది. ఆ అధ్యయనం మొత్తం లెక్కలు కట్టిన తీరు మీద తర్వాత గట్టి అభ్యంతరాలు వచ్చాయి, అసలు వంతు ఇంకా తక్కువేనని. ఎలా చూసినా మొదటి మందే సరిపోయేవారికంటే సరిపోనివారే ఎక్కువ. మీరు ఎక్కువమందిలో ఒకరు, అంతే.

ఇందులో మోసపోయే చోటు కూడా ఉంది. దిగులు తనంతట తాను ఎక్కుతుంది, దిగుతుంది. బాధ నెత్తికెక్కినప్పుడే మనం కొత్త డాక్టరు దగ్గరికో, గ్రహాలు చూసేవాళ్ల దగ్గరికో పరుగెడతాం. నాలుగు వారాల తర్వాత బాధ దిగితే పేరు ఆఖరున చేసినదానికి దక్కుతుంది. డాక్టరుకైతే హస్తవాసి మంచిదంటాం, తాయెత్తుకైతే మహిమ అంటాం. ఆ గుణం మూడు వారాల ముందు మొదలైన మాత్రది కావచ్చు, వట్టి కాలానిదీ కావచ్చు. ఉత్తుత్తి మాత్రలతో పోల్చి పరీక్షించేది అందుకే.

మీ మూడు మందుల్లో పది రోజులకి ఆగిపోయిన మొదటిది ఓడిపోయిన మందు కాదు, పరీక్షే జరగని మందు. రెండోది నెలన్నర వాడారు, కానీ మోతాదు పెంచారా లేదా అన్నది తెలియాలి. సరైన మోతాదులో నాలుగు వారాలైనా ఇసుమంత మెరుగు లేకపోతే మోతాదో మందో మార్చే ఆలోచన చేస్తారు. మెరుగు కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది, మొత్తం 27 మార్కులు, ఎక్కువ వస్తే బాధ ఎక్కువ. ఆందోళనకి జీఏడీ-7, 21 మార్కులు. మీ డాక్టరుగారిని అడిగితే ఇస్తారు. ఈ రోజు ఒకసారి రాయండి, పద్నాలుగో రోజున ఒకసారి, ఇరవై ఎనిమిదో రోజున ఒకసారి. పక్కన తారీకు, మోతాదు, రాత్రి నిద్రపోయిన గంటలు వేసుకోండి. ఆ కాగితాలు డాక్టరుగారి ముందు పెట్టేటప్పుడు, మొదటి మందు పది రోజులకే ఎందుకు ఆపేశారో కూడా ఆయనకి చెప్పండి. చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.