థెరపిస్టుతో శారీరక సంబంధం: అపోహలు – వాస్తవాలు

నేను క్లినికల్ సైకాలజిస్టుని. వేరేచోట థెరపీకి వెళ్లి, అక్కడి థెరపిస్టుతోనే శారీరక సంబంధంలో పడి నలిగిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది ముందుగా అనే మాట: "తప్పు నాదే మేడమ్." వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇద్దరూ మేజర్లే, ఇద్దరికీ ఇష్టమే. తప్పేముంది?

వాస్తవం: థెరపీలో మనసు విప్పేది ఒక్కరే. చిన్ననాటి భయాలు, ఇంట్లో గొడవలు, ఎవరికీ చెప్పుకోని విషయాలు అన్నీ థెరపిస్టుకు తెలుసు. థెరపిస్టు గురించి క్లయింటుకు తెలిసింది చాలా తక్కువ. పైగా, తన మాట ఓపిగ్గా వినే మనిషి మీద అభిమానం, ఒక్కోసారి ప్రేమ కూడా పుట్టడం థెరపీలో మామూలే. దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. తల్లిదండ్రుల దగ్గరో, కట్టుకున్నవాళ్ల దగ్గరో దొరకని ఆప్యాయత కోసం పడే ఆరాటం థెరపిస్టు వైపు మళ్లుతుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో క్లయింటుకు అర్థమయ్యేలా చేయడమే మా పని. దాన్ని తన కోరిక తీర్చుకోవడానికి వాడుకుని, "తనకీ ఇష్టమే కదా" అనడం దారుణం. థెరపిస్టు ఆడవారైనా, క్లయింటు మగవారైనా నా మాట ఇదే.

అపోహ: క్లయింటే చొరవ తీసుకుంటే థెరపిస్టు ఏం చేయగలరు?

వాస్తవం: కించపరచకుండా, స్పష్టంగా కుదరదని చెప్పాలి. సీనియర్ల సలహా తీసుకోవాలి. అవసరమైతే మరొకరి దగ్గరికి పంపాలి. ఇష్టాన్ని బయటపెట్టడం క్లయింటు తప్పు కాదు.

అపోహ: కొన్నాళ్లు బాధపడి మర్చిపోతారు.

వాస్తవం: అమెరికాలో కెన్నెత్ పోప్, వాలెరీ వెటర్ సైకాలజిస్టులను సర్వే చేసి, ఇలాంటి 958 మంది క్లయింట్ల వివరాలు 1991లో ప్రచురించారు. దాదాపు 90 శాతం మందికి హాని జరిగిందని, 14 శాతం మంది ఆత్మహత్యాయత్నం చేశారని అందులో తేలింది. ఇలాంటి క్లయింట్లను ఆ థెరపిస్టు మీద పట్టరాని కోపం, ఆ థెరపిస్టే దూరమైపోతారేమోనన్న భయం ఒకేసారి పీడిస్తాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేరు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి: చాలామందికి మళ్లీ ఏ థెరపిస్టునూ నమ్మబుద్ధి కాదు. మొదట ఏ డిప్రెషన్‌తోనో టెన్షన్‌తోనో వచ్చారో అది అలాగే ఉండిపోతుంది, దానిపైన ఈ గాయం.

అపోహ: థెరపీ ఆపేశాక ఫర్వాలేదు.

వాస్తవం: ఆ సర్వేలోనే, థెరపీ ముగిశాక సంబంధం మొదలైనవాళ్లలోనూ దాదాపు 80 శాతం మందికి హాని జరిగింది. అమెరికాలోని మానసిక వైద్యుల సంఘమైన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాజీ పేషెంట్లతో సంబంధాన్ని కూడా అనైతికమనే అంటుంది.

అపోహ: మన దేశంలో దీనికి చట్టం లేదు.

వాస్తవం: అధికారాన్నో నమ్మకాన్నో దుర్వినియోగం చేసి, తన సంరక్షణలో ఉన్న స్త్రీని లైంగిక సంబంధానికి లోబరచుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 68 కింద 5 నుంచి 10 ఏళ్ల జైలుశిక్ష పడొచ్చు. సైకియాట్రిస్టుపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టుపై ఆ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మెసేజ్‌లు, ఫీజు రసీదులు డిలీట్ చేయకండి, పారేయకండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.