పుచ్చిపోని పడవలు: పియర్సన్ యాట్స్ నేపథ్యం

అమెరికా ఈశాన్య తీరంలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, వాడేవారు లేక మూలపడిన ఫైబర్‌గ్లాస్ పడవలను ఏం చేయాలన్నది కొన్నేళ్లుగా నలుగుతున్న సమస్య. అక్కడి పడవల పరిశ్రమ సంఘం వాటిని ముక్కలు చేసి సిమెంటు బట్టీలకు పంపే ప్రయోగాన్ని కూడా చేపట్టింది. తెరచాప పడవలను ఈ పదార్థంతో పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మవచ్చని నిరూపించిన తొలి సంస్థల్లో ఒకటైన పియర్సన్ యాట్స్ ఎదిగింది ఈ రాష్ట్రంలోనే.

క్లింటన్ పియర్సన్, ఎవరెట్ పియర్సన్ దాయాదులు. 1950ల మధ్యలో, పొరుగున ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రపు సీకాంక్‌లో ఒక గ్యారేజీలో చిన్న పడవలతో పని మొదలుపెట్టారు. చెక్క పడవకు ఆరితేరిన వడ్రంగులు కావాలి, నెలల తరబడి సమయం కావాలి. ఫైబర్‌గ్లాస్‌కైతే ఒకసారి అచ్చు సిద్ధమయ్యాక, గాజునార గుడ్డను పొరలు పొరలుగా పరిచి రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి ఆరనిస్తే, ఒకే రూపంలో ఎన్ని పడవలైనా తీయవచ్చు. మన తీరంలో మత్స్యకారులు నడిపే ఫైబర్ బోటు కూడా ఈ కోవలోనిదే.

కార్ల్ ఆల్బర్గ్ రూపకల్పన చేసిన ట్రైటన్ అనే 28 అడుగుల పడవను వారు 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు తీసుకువెళ్లారు. ఖర్చులకు చేతిలో డబ్బు లేక అప్పు చేయవలసి వచ్చిందని చెబుతారు. కానీ ఒక కుటుంబం లోపలే వండుకుని నిద్రపోగలిగిన ఆ పడవ పదివేల డాలర్ల లోపు ధరకే దొరకడంతో, ఆ ప్రదర్శనలోనే 17 ఆర్డర్లు వచ్చాయి. ఆ ఏడాదే సంస్థ షేర్లను ప్రజలకు అమ్మి, అమెరికాస్ కప్ అనే ప్రసిద్ధ తెరచాప పడవల పందేనికి పడవలు కట్టి పేరుపొందిన, రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న హెరెషాఫ్ పడవల యార్డును కొన్నది. ట్రైటన్లు మొత్తం ఏడు వందలకు పైగా తయారయ్యాయి. ఆ తొలినాళ్లలో కొత్త పదార్థపు బలం ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియనందున పడవలను మందంగానే పోసేవారు. ఆ జాగ్రత్త వల్లే వాటిలో కొన్ని అరవై ఏళ్లు దాటినా నీటిమీద ఉన్నాయి.

పెరుగుదలకు పెట్టుబడి కావలసి రావడంతో 1961లో సంస్థ పగ్గాలు విమానాల తయారీదారు గ్రమ్మన్ చేతికి వెళ్లాయి. దాయాదులిద్దరూ ఆ దశకంలోనే బయటికి వచ్చారు. క్లింటన్ బ్రిస్టల్ యాట్స్ అనే మరో పడవల కంపెనీని నడిపాడు. ఎవరెట్ నెలకొల్పిన టిల్లట్‌సన్-పియర్సన్ కంపెనీ జె/24 పోటీ పడవలను తయారుచేసింది, తర్వాతి కాలంలో టీపీఐ కాంపోజిట్స్ పేరుతో గాలిమరల రెక్కల తయారీకి మళ్లింది. వాడి తీసేసిన ఆ రెక్కలను ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఇప్పుడు పడవల ప్రశ్నలాగే తయారైంది.

గ్రమ్మన్ 1986లో పియర్సన్‌ను అమ్మివేసింది, 1991లో ఆ సంస్థ దివాలా తీసింది. లక్ష డాలర్లు దాటిన పడవలపై, ఆ పైమొత్తానికి ఆ ఏడాది నుంచి విధించిన 10 శాతం విలాస పన్నును చాలామంది తప్పుపడతారు. ఆర్థిక మాంద్యం కూడా అప్పటికే మొదలైంది. నా దృష్టిలో వీటికంటే లోతైన కారణం మరొకటి ఉంది: పుచ్చని, తుప్పు పట్టని పాత పియర్సన్ పడవ కొత్తదాని ధరలో చిన్న వంతుకే దొరుకుతున్నప్పుడు, కొనేవాడు కొత్తదాని వైపు చూడవలసిన పనేముంది? విలాస పన్నును 1993లో ఎత్తివేశారు, కానీ అప్పటికే పియర్సన్ మూతపడింది; అది అమ్మిన పడవలు మాత్రం చేతులు మారుతూ, చివరికి కొనేవారు కూడా లేక తీరం వెంట పోగుపడుతున్నాయి.