మాస్టారూ, మన సీటు ఎవరిదండీ? – పొలిటికల్ సైన్స్ ఉద్యోగం మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: పొలిటికల్ సైన్స్ మాస్టారికి ఎవరు గెలుస్తారో ముందే తెలుస్తుంది.

మా భీమవరం వైపు కోళ్ల మీదే కాదు, పార్టీల మీద కూడా పందేలు కాస్తారు కదా, ఎన్నికలొస్తే చాలు ఫోన్లు మొదలు. తెలీదండీ! ఓట్లు పడ్డాక అవి అటు ఎందుకు పడ్డాయో, అందులో కులం పాలెంత, పథకాల పాలెంత, డబ్బు పాలెంత అని బూత్‌లవారీగా తేల్చుకోవడం మా పని. ఊరి నాడి టీకొట్టు దగ్గర పందెం కాసేవాడికే నాకంటే బాగా తెలుసు.

అపోహ: పరిశోధన అంటే ఢిల్లీ సంగతులే.

పీహెచ్‌డీకి వచ్చిన ప్రతి ఒక్కరూ విదేశాంగ విధానం అంటారు. మీ ఊరి కాలువ ఏం పాపం చేసింది? 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి, కాగితం మీద కాలువ నిర్వహణ రైతులదే, కానీ దాళ్వాలో (రెండో పంటలో) వంతు వచ్చినా శివారు పొలానికి నీళ్లెందుకు అందవు, ఎగువన తూము ఎవరెత్తారు, కాలువ నీళ్లు చూసుకునే లస్కరు ఎవరి మాట వింటాడు అని అడుగుతూ పోతే అధికారం ఎవరి చేతిలో ఉందో అక్కడే కనబడుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) నాట్లే మానేసి పంట విరామం ప్రకటించారు. పంట వేయకపోవడమే నిరసన! దాని మీద ఎన్ని పరిశోధనలు చేసినా తక్కువే.

అపోహ: పీహెచ్‌డీ లేకపోతే ఉద్యోగమే రాదు.

2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ (జాతీయ స్థాయి), సెట్ (రాష్ట్ర స్థాయి) లాంటి అర్హత పరీక్షలే కనీస అర్హత, పీహెచ్‌డీ మీ ఇష్టం. పైమెట్టుకి మాత్రం తప్పదు: 2018 యూజీసీ నిబంధనల ప్రకారం నేరుగా అసోసియేట్‌గా చేరాలంటే పీహెచ్‌డీతో పాటు 8 ఏళ్ల అనుభవం, ప్రొఫెసర్‌కైతే 10 ఏళ్లు, 10 పరిశోధన పత్రాలు. అసలు టెన్షన్ అర్హత దగ్గర కాదు, రెగ్యులర్ పోస్టుల దగ్గర. నోటిఫికేషన్ కోసం చూస్తూ గెస్ట్ ఫ్యాకల్టీగానే ఏళ్లు గడిపేసినవాళ్లు ప్రతి కాలేజీలో కనిపిస్తారు. ఇంట్లో వాళ్లకి ఈ మాట ముందే చెప్పి దిగండి.

అపోహ: రోజుకో క్లాసు, తర్వాత ఖాళీ.

అసిస్టెంట్‌కి వారానికి 16 గంటల బోధన, పైవాళ్లకి 14. ఆపైన న్యాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, మూల్యాంకనం. గవర్నమెంట్ కాలేజీ అయితే పోలింగ్ డ్యూటీ కూడా, అంటే క్లాసులో చెప్పిన ఎన్నికల పాఠాన్ని ఏదో లంక ఊరి బడిలో రాత్రంతా దోమల మధ్య ప్రాక్టికల్స్‌గా చేయడం.

నెట్ రాసేవాళ్లకి ఒక్క మాట: రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. తెలియకపోయినా ఒక్కటీ ఖాళీగా వదలొద్దు.