గడ్డలో ముందే తయారయ్యే పువ్వు

మొదటి ఏడాది నిండుగా పూసిన ట్యూలిప్ గడ్డ మరుసటి ఏడాది ఆకు మాత్రమే వేసి ఊరుకుందని, ఎరువు చాలకనా అని ఒక పాఠకురాలు అడిగారు. ఇలాంటప్పుడు చాలామంది లోపాన్ని ఎరువులోనో, నీటిలోనో, చివరికి నాటిన తిథిలోనో వెతుకుతారు. అసలు కారణం చాలావరకు కిందటి పూత ముగిశాక గడచిన వారాల్లోనే ఉంటుంది.

నాటడానికి సిద్ధంగా ఉన్న మంచి ట్యూలిప్ గడ్డను నిలువునా కోసి భూతద్దంతో చూడండి. ఉల్లిగడ్డలో ఉన్నట్టే కండగల తెల్లని పొరలు, వాటి నడుమ లేత ఆకులు, ఆ ఆకుల మధ్య ఒక బుల్లి మొగ్గ కనిపిస్తాయి. ఆరు రేకులు, ఆరు కేసరాలు, మూడు గదుల అండాశయం అందులో అప్పటికే రూపుదిద్దుకొని ఉంటాయి. దుంప ఆహారాన్ని దాచుకుంటుందని చెప్పి పాఠం ముగించే బదులు ఈ మొగ్గను పిల్లలకు చూపిస్తే, మొక్క ఎంత ముందుచూపుతో బతుకుతుందో వారికి కళ్లారా తెలుస్తుంది.

ఆకులు ఎండిపోయాక, వేసవిలో, దాదాపు 17 నుంచి 20 డిగ్రీల వెచ్చదనంలో ట్యూలిప్ మొగ్గ ఏర్పడుతుంది. అయితే ఆ మొగ్గను మోసే కాడ సాగాలంటే 9 డిగ్రీలకు లోపు చలి 12 నుంచి 16 వారాలు కావాలి. ఆ చలిలో పొరల్లోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడలోని కణాలు ఆక్సిన్, జిబ్బరెల్లిన్ వంటి హార్మోన్లకు బాగా స్పందించే స్థితికి వస్తాయి. చలి చాలకపోతే కాడ పొట్టిగా మిగిలి పువ్వు ఆకుల మధ్యే ఇరుక్కుంటుంది, లేదా మొగ్గలోనే మాడిపోతుంది. చలి కోసం గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టేవారు వాటి పక్కన పండ్లను ఉంచకూడదు. మాగే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది.

పూసిన ట్యూలిప్ గడ్డ తాను కరిగిపోతూ పిల్లగడ్డలను పెంచుతుంది. పూత అయిన వెంటనే ఆకులను కోసేస్తే ఆ పిల్లగడ్డలు బక్కచిక్కి, మరుసటి ఏడాది ఒకే ఒక వెడల్పాటి ఆకు వేస్తాయి. పాఠకురాలి తోటలో జరిగింది బహుశా ఇదే. అందుకే వాడిన పువ్వును తుంచి, ఆకులను మాత్రం పూర్తిగా పసుపు పచ్చబడేదాకా ఉంచాలి.

ఎంపిక, నాటడం తేలికే: చేతికి బరువుగా, గట్టిగా తగిలే గడ్డను తీసుకొని, నీరు నిలవని మట్టిలో దాని ఎత్తుకు రెండు మూడు రెట్ల లోతున మొనను పైకి ఉంచి నాటాలి. చలికాలమే లేని చోట ట్యూలిప్‌తో శ్రమపడేకంటే హిప్పియాస్ట్రమ్ (అమరిల్లిస్ పేరుతో అమ్మే గడ్డ మొక్క) పెంచడం మేలని నా అభిప్రాయం. దానికి చలి అవసరం లేదు. సుమారు నాలుగు ఆకులకు ఒక పూగుత్తి చొప్పున లోపల ఏర్పరచుకుంటూ పోతుంది కనుక, దానికి ఆకులు ఎంత బాగా పెరగనిస్తే పూత అంత ఖాయం. కుండీలో దాని మెడ భాగం మట్టిపైకి కనిపించేలా నాటాలి.